పాడి రైతు గుండెబరువు మీ పరిధిలోనే ఉంది: డెయిరీల పాలకవర్గాలకు బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల్లోని సహకార, ప్రైవేటు డెయిరీల అధ్యక్షులకు, పాలకవర్గ సభ్యులకు, మేనేజింగ్ డైరెక్టర్లకు,

ఈమధ్య మా ప్రాంతపు పాడి రైతులం కొందరం ఒక డెయిరీ కార్యాలయానికి వెళ్లి చిన్న విన్నపం చేసుకున్నాం. ధర పెంచమనలేదు, బోనసు అడగలేదు. గేదె చచ్చిపోయిన ఇంటికి, ఉన్నట్టుండి పాలు పోయడం మానేసిన ఇంటికి మీ మనిషి ఒకరు వెళ్లి మంచీ చెడ్డా అడిగే ఏర్పాటు చెయ్యండి, పాలకేంద్రం సెక్రటరీలకు ఆ మాత్రం శిక్షణ ఇప్పించండి అన్నాం. అక్కడి పెద్దమనిషి మర్యాదగానే కూర్చోబెట్టారు, టీ ఇప్పించారు. అర్జీ చివరిదాకా చదివి, "రైతుల మానసిక సమస్యలు మా పరిధిలోకి రావండీ, మేం పాల వ్యాపారం చేసేవాళ్లం" అంటూ తిరిగి మా చేతికే ఇచ్చేశారు. ఆ డెయిరీ పేరు రాయను. ఆయన పైకి అన్నారు, మీలో చాలామంది లోపల అనుకుంటున్నారు. అందుకే ఈ ఉత్తరం మీ అందరికీ.

మీ పరిధి ఎక్కడిదాకా ఉందో మాకు తెలియనిదా? మా గేదె ఏ దాణా తినాలో మీరే చెబుతారు. ఎదకొస్తే సూది వెయ్యడానికి మీ మనిషే వస్తాడు. ఖనిజ లవణ మిశ్రమం పొట్లం ఇచ్చి దాని ఖరీదు బిల్లులో కోసుకుంటారు. గేదె కొనడానికి బ్యాంకులో పూచీ పడి, వాయిదా సొమ్ము మా చేతికి రాకముందే పట్టుకుంటారు. కొట్టం నేల ఎంత వాలుగా ఉండాలో, కుడితి తొట్టి ఎక్కడ కట్టుకోవాలో మీ కరపత్రాల్లో బొమ్మలతో సహా ఉంటుంది. కొట్టం లోపలిదాకా వచ్చిన మీ పరిధి, ఆ పక్కనే మంచం మీద తల పట్టుకుని కూర్చున్న మనిషి దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ఆగిపోతోంది?

ఒక్క సంగతి చెబుతాను. మా ఊళ్లో నాకు అక్క వరుసయ్యే ఆమె ఉంది. భర్త లారీ మీద పోతాడు, నెలలో సగం రోజులు ఇంట ఉండడు. సంసారం నడిచేది ఆమె పోసే పాల మీదే. అప్పు చేసి కొన్న ముర్రా గేదె ఈనిన రెండో రోజు రాత్రి పాలజ్వరం కమ్మింది. మెడ డొక్కలోకి మడిచేసి నేలకు కరుచుకుపోయింది. సకాలంలో క్యాల్షియం నరానికి ఎక్కిస్తే చాలావరకు లేచి నిలబడే జబ్బు అది. ఆ అర్ధరాత్రి ఎక్కించేవాళ్లు దొరకలేదు. తెల్లారేసరికి గేదె పోయింది, దూడ మిగిలింది. జేసీబీని పిలిపించి పూడ్పించడానికి మళ్లీ చేబదులు.

రెండో గేదె అప్పటికే ఒట్టిపోయి ఉంది. దాంతో పాలకేంద్రం రిజిస్టర్లో ఆమె నంబరుకు ఎదురుగా పూటపూటకూ గీత పడుతూ వచ్చింది. వారం తిరక్కముందే డెయిరీ సూపర్‌వైజరు బండి ఆమె గుమ్మం ముందు ఆగింది. "ఏమ్మా, పాలు బయట పోస్తున్నావా?" అన్నాడు. గేదె పోయిందని చెప్పింది. "అయ్యో" అన్నాడు, వెంటనే "మరి వాయిదా ఎట్లా?" అన్నాడు.

ఆ కుర్రాడిని నేను తప్పు పట్టను. పాతికేళ్లు నిండాయో లేదో. రూటులో లీటర్లు తగ్గితే సాయంత్రానికి ఫోనులో వాడికీ అక్షింతలే. గీత పడితే పాలు పక్క డెయిరీకి మళ్లాయా అని చూడటమే మీరు వాడికి నేర్పారు. ఆ గీత వెనక మనిషికేమైంది అని అడగడం ఎవరు నేర్పాలి? తర్వాత ఆ అక్క సాయంత్రం పాల వేళ అంగడికి వెళ్లాల్సి వస్తే పాలకేంద్రం వీధిలోంచి పోవడం మానేసి చెరువుకట్ట మీదుగా చుట్టు తిరిగి పోతోంది. క్యాను లేకుండా అటు పోతే పదిమంది పది ప్రశ్నలు వేస్తారు కదా. "నాలుగింటికే మెలకువొచ్చేస్తంది తమ్ముడూ, లేచి ఏం చెయ్యాలో తోచదు" అంది ఒకనాడు నాతో.

మిగతా రైతు బాధకూ పాడి రైతు బాధకూ ఉన్న తేడా ఇక్కడే కనిపిస్తుంది. పైరు పోతే పొలం మిగులుతుంది, వచ్చే కారు మీద ఆశ పెట్టుకోవచ్చు. గేదె పోతే రోజూ పేరు పెట్టి పిలిచిన జీవం పోతుంది, దాంతోపాటే పక్షం పక్షం వచ్చే చిల్లరా పోతుంది, తెల్లవారుజామున లేచే కారణమూ పోతుంది. పశువు బతికున్నప్పుడు మాత్రం తీరిక ఎక్కడిది? పాడికి ఆదివారం లేదు, పండగ లేదు. సొంత తమ్ముడి పెళ్లికి వెళ్లినా, తలంబ్రాలు అయ్యీ అవ్వకముందే పాల వేళకు ఇల్లు చేరాల్సిందే. నలుగురిలో కలిసి కష్టం చెప్పుకునే సందు ఆ పని ఇవ్వదు. రోజూ తప్పకుండా ఇల్లు దాటి వెళ్లే చోటు ఒక్కటే, మీ పాలకేంద్రం.

అందుకే అడుగుతున్నాను. ఈ మనిషిని మీకంటే ఎక్కువసార్లు చూసేవాళ్లు ఎవరున్నారు? బ్యాంకు మేనేజరు అప్పు తిరగరాసుకునేటప్పుడు చూస్తాడు. వ్యవసాయాధికారి ఊరికొచ్చినప్పుడు చూస్తాడు. ఎన్నికలప్పుడు చూసేవాళ్ల సంగతి సరేసరి. మీ సెక్రటరీ రోజుకు రెండు పూటలా చూస్తాడు. ఎవరి పాలు తగ్గాయో, ఎవరు తాము రాకుండా బడిపిల్లల చేత క్యాను పంపుతున్నారో, ఎవరు శాంపిల్ తీసే దాకా కూడా నిలబడకుండా తలొంచుకుని వెళ్లిపోతున్నారో అందరికంటే ముందు తెలిసేది ఆయనకే. నెల తర్వాత ఊరంతా "అయ్యో, అంత బాధలో ఉన్నాడని ఎవరికీ తెలియదే" అనుకుంటుంది. మీ రిజిస్టరుకు తెలుసు. ఆ రిజిస్టరు మీ దగ్గర పెట్టుకుని మా పరిధి కాదంటే ఒప్పుకోవడం ఎట్లా?

సర్కారు చూసుకుంటుందిలే అంటారేమో. సర్కారు లెక్కలో ఈ మనిషి ఎక్కడున్నాడో చూడండి. జాతీయ నేర రికార్డుల బ్యూరో ప్రకారం 2022లో దేశంలో వ్యవసాయ రంగం మీద బతికేవాళ్లు 11,290 మంది ఆత్మహత్య చేసుకున్నారు. అందులో సాగుదారులు 5,207 మంది, వ్యవసాయ కూలీలు 6,083 మంది. పాడి రైతుకు అందులో వేరే గడి లేదు. తెలంగాణలో 2018లో మొదలైన రైతు బీమాకు పట్టాదారు పాసుపుస్తకం ఉండాలి. గుంట భూమి లేకుండా రెండు గేదెల మీద ఇల్లు నెట్టుకొచ్చే ఆడమనిషికి ఏ పాసుపుస్తకం ఉంది? ఆమె దగ్గరున్న ఒకే ఒక్క పుస్తకం మీరిచ్చిన పాల పుస్తకం. దాని మీదా చాలా ఇళ్లలో భర్త పేరే రాసి ఉంటుంది. పాలు పితికేది, పేడ తీసేది, క్యాను మోసేది ఆమె. కాగితం మీద రైతు ఆయన. ఆమెకు దిగులు పట్టుకుందని ఏ కాగితంలో తెలుస్తుంది?

ఇప్పుడు కాస్త చేదు మాట. మా మనసు విరగడంలో మీ చెయ్యి ఏమీ లేదా?

పాలకేంద్రం ముందు వరసలో నిలబడ్డ ఆడమనిషిని, నలుగురూ వింటుండగా, "ఇవాళ ఫ్యాట్ రాలేదు, నీళ్లు కలిపావా?" అని అడిగిన రోజు ఎన్నిసార్లు రాలేదు? కల్తీ జరగదని నేననను. కానీ మేత మారినా, వానాకాలం పచ్చిగడ్డి ఎక్కువైనా, ఈత కొత్తదైనా వెన్న శాతం తగ్గుతుందని మీ పశువైద్యుడికి తెలుసు, మీకూ తెలుసు. అలాంటప్పుడు ఆ మాట అందరి ముందూ అనాలా, పక్కకు పిలిచి అడగొచ్చా? దొంగగా నిలబెట్టిన మనిషి ఇంటికి వెళ్లి అన్నం తినగలదా? ధర తగ్గించిన సంగతి చెప్పే తీరు కూడా అంతే. పొద్దున పాలు పోసేటప్పుడు ఒక ధర, సాయంత్రానికి గోడ మీద నోటీసు. అదే వారం పట్నంలో ప్యాకెట్ ధర తగ్గడం ఎవరైనా చూశారా? తవుడు, పత్తిచెక్క, ఎండుగడ్డి మాత్రం మీ నోటీసు చదివి దిగిరావు.

ఇక బిల్లు. పక్షానికి రావాల్సిన బిల్లు నెలకు, రెండు నెలలకు జారితే ఏమవుతుందో మీ ఖాతాల విభాగానికి కనపడదు. కిరాణా కొట్టువాడి చూపు మారుతుంది. దాణా అప్పుకు వడ్డీ మొదలవుతుంది. పిల్లవాడి కాలేజీ ఫీజు దగ్గర మొగుడూ పెళ్లాల మధ్య మాట పెరుగుతుంది. ఇవన్నీ మానసిక సమస్యలేనండీ, మీరు ఇవ్వాల్సిన డబ్బు మీరు ఇవ్వకపోవడంతో పుట్టినవి. చెప్పిన తేదీకి బిల్లు పడకుండా, "రైతులారా, ధైర్యంగా ఉండండి" అంటూ ఎన్ని సభలు పెడితే ఏం? జూన్ 1న ప్రపంచ పాల దినోత్సవం, నవంబరు 26న కురియన్ పుట్టినరోజు, జాతీయ పాల దినోత్సవం. ఆ రెండు రోజుల్లో శాలువాలకు మాత్రం లోటు ఉండదు. శాలువా వద్దు, బకాయి ఇప్పించండి అని వేదిక మీదే అన్న రైతును నేనెరుగుదును. మర్నాడు మైకు పట్టుకున్నందుకు ఆయన్నే తప్పు పట్టారు.

2002లో చిత్తూరు సహకార డెయిరీ మూతపడ్డప్పుడు ఆ జిల్లా రైతులు పడ్డ అయోమయం మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. డెయిరీ ఉంటుందో పోతుందో అన్న భయమొక్కటే చాలు, రైతుకు నిద్ర పట్టకుండా పోవడానికి. నష్టాలుంటే నష్టాలున్నాయని, బిల్లు ఫలానా తేదీకి ఇస్తామని ముందే చెప్పండి. దాచిపెట్టడం వల్ల పుకారు పుడుతుంది, మా ఊళ్లల్లో పుకారు మీ వ్యానుకంటే ముందే చేరుతుంది.

వేరేచోట్ల డెయిరీలు దీన్ని తమ పనే అనుకున్నాయి. 2018 ఫిబ్రవరిలో అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లోని అగ్రి-మార్క్ అనే పాల సహకార సంఘం తన సభ్యులకు ఒక ఉత్తరం పంపింది. అందులో పాల ధర ఇంకా పడిపోతుందన్న అంచనా ఉంది, దాంతోపాటే ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్ నంబర్లున్నాయి. అంతకుముందే వాళ్ల సభ్యుడొకరు ప్రాణం తీసుకున్నాడు. ఆ ఉత్తరం గురించి చదివినప్పుడు నాకు గౌరవమూ కలిగింది, ఒళ్లూ జలదరించింది. ధర ఇంత, తట్టుకోలేకపోతే ఈ నంబరుకు ఫోను చెయ్యండి అన్నట్టుంది. అయినా ఒక సంఘం తన రైతు చనిపోవడాన్ని తన విషయంగా తీసుకుంది. మీలో ఎంతమంది అంతవరకైనా వచ్చారు?

ఫ్రాన్సు వాళ్లు ఇంకో అడుగు ముందుకు వేశారు. అక్కడి రైతుల సామాజిక భద్రతా సంస్థ 2014లో రైతుల కోసం రాత్రింబవళ్లు పలికే ఫోన్ లైను పెట్టింది. ఎంత బాధలో ఉన్నా రైతు తనంతట తాను ఫోను చెయ్యడని వాళ్లకు అర్థమైంది. అందుకని పశువైద్యులను, బ్యాంకు ఉద్యోగులను, ఎలాగూ రైతు ఇంటి గడప తొక్కేవాళ్లను పోగుచేసి, బాధలో ఉన్న మనిషిని గుర్తుపట్టడం, మాట కలపడం, సాయం దొరికే చోటికి చేర్చడం నేర్పిస్తున్నారు. మీ దగ్గర అలాంటి మనుషులు ఇప్పటికే జీతం మీద ఉన్నారు కదా?

పరాయి దేశాల కథలెందుకంటే మన దగ్గరి సంగతే చెబుతాను. గుజరాత్‌లో ఖేడా జిల్లా పాల యూనియన్‌ను నిలబెట్టిన త్రిభువన్‌దాస్ పటేల్ పదవి నుంచి తప్పుకున్నప్పుడు రైతులు తలా ఒక రూపాయి వేసి ఆయనకు నిధి ఇచ్చారు. ఆయన దాన్ని ఇంటికి పట్టుకుపోలేదు. 1970ల్లో ఆ సొమ్ముతో పల్లె ఆరోగ్యం కోసం ఫౌండేషన్ పెట్టారు. ఊరి పాల సంఘం ఆసరాతో ఆరోగ్య కార్యకర్త ఇంటింటికీ తిరిగేది, బాలింతలనూ పసిపిల్లలనూ చూసుకునేది. మన విశాఖ డెయిరీ కూడా ట్రస్టు పెట్టి పాడి రైతుల కోసం ఆసుపత్రి నడిపింది. గుండెజబ్బు, కాన్పు డెయిరీ పరిధిలోకి వచ్చినప్పుడు దిగులు ఎందుకు రాదు? శ్రీజ, ముల్కనూరు వంటి మహిళా డెయిరీలకు ఇది చెప్పడం ఇంకా తేలిక అనుకుంటాను. అక్కడ బోర్డులో కూర్చున్నవాళ్లే చేతులకు పాల జిడ్డు అంటినవాళ్లు.

"మా సెక్రటరీ పదో తరగతి చదివినవాడు, వాడు డాక్టరా?" అని మీ మనుషులు అడుగుతారు. డాక్టరును చెయ్యమని ఎవరడిగారు? శాంపిల్ చూసి ఫ్యాట్ చెప్పడం అతనికి పుట్టుకతో వచ్చిందా, మీరు నేర్పిస్తే వచ్చింది. ఇదీ నేర్చుకుంటాడు. ఏం మాట్లాడాలి, ఏం మాట్లాడకూడదు, ఎప్పుడు పెద్ద ఆసుపత్రికి పంపాలి, అంతే. "ఊరుకో, మగాడివి కాదా" అనకూడదని, "అందరికీ ఉన్నవే కష్టాలు" అని కొట్టిపారెయ్యకూడదని నేర్పితే సగం పని అయినట్టే. చావు గురించి అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అన్న భయం చాలామందికి ఉంది. అది అపోహ అని మానసిక వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నారు. నేరుగా, మెత్తగా అడిగితే మనిషి గుండెల్లోది బయటికి వస్తుంది. నేర్పేవాళ్లకూ కొదవ లేదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996 నుంచి దేశంలో నడుస్తోంది. 2022 నవంబరులో కేంద్రం ఆత్మహత్యల నివారణకు జాతీయ వ్యూహం ప్రకటించి, 2030 నాటికి ఆ మరణాలు 10 శాతం తగ్గించాలని పెట్టుకుంది. మీ జిల్లా ఆసుపత్రికి ఒక ఉత్తరం రాయండి, మా సెక్రటరీలకు ఒక పూట పాఠం చెప్పండని. ఆ ఉత్తరం ఖర్చు ఎంత?

గేదె చచ్చిన ఇంటికి మొదటి వారంలోనే మనిషిని పంపండి. వాయిదా గురించి ఆ వారం నోరెత్తవద్దని ఆ మనిషికి గట్టిగా చెప్పండి. మూడు నాలుగు నెలలు ఆ వాయిదా ఆపితే మీ ఆస్తులేమీ కరిగిపోవు. బీమా కాగితాల దగ్గర పక్కన నిలబడండి. చెవికి ట్యాగు ఊడిపోయిందని, పోస్టుమార్టం కాగితం ఆలస్యమైందని క్లెయిము తిప్పికొట్టినప్పుడు ఒంటరిగా ఆఫీసుల చుట్టూ తిరిగే ఆడమనిషికి మీ లెటర్‌హెడ్ మీద రెండు ముక్కలు ఎంత బలమో మీకు తెలియదు. పాలు పోయడం ఆగిపోయినా ఆమె సభ్యత్వం ఆపకండి, సంఘం మీటింగుకు పిలవండి. పాలుంటేనే మనిషి అన్నట్టు నడుచుకుంటే, పాలు లేని రోజున తను మనిషినే కానేమో అని ఆమె అనుకోదా?

పాల పుస్తకం వెనక అట్ట మీద ఇప్పుడు మీ దాణా ప్రకటన ఉంది. దాని పక్కన 14416 అచ్చు వెయ్యండి. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ నంబరు అది, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఈ ఉత్తరం చదువుతున్న పాడి రైతులెవరైనా ఉంటే, మీ డెయిరీ అచ్చు వేసేదాకా ఆగకండి, ఇప్పుడే రాసి పెట్టుకోండి. పాలకవర్గాల వారికి మాత్రం ఒక హెచ్చరిక. ఆ నంబరు వేసి, బిల్లు ఆపితే ఊరుకునేది లేదు.

2023–24లో మన దేశంలో 23.9 కోట్ల టన్నుల పాలు ఉత్పత్తి అయ్యాయి. ప్రపంచంలో మొదటి స్థానం మనదే అని మీ వార్షిక నివేదికల మొదటి పేజీలోనే ఉంటుంది. పట్నంలో కాఫీ తాగే ప్రతి ఇంటికీ ఇందులో వాటా ఉంది. కొట్టాలు ఖాళీ అవుతుంటే, పాడి రైతు పిల్లలు ఈ పని మాకొద్దని ఊరు దాటుతుంటే, రేపు ఆ ప్యాకెట్లలో ఏం పోస్తారు? పొడి కలిపిన నీళ్లా?

వచ్చే సర్వసభ్య సమావేశం ఎజెండాలో లాభనష్టాల తర్వాత ఒక అంశం చేర్చండి: ఈ ఏడాది పాలు పోయడం మానేసిన సభ్యులు ఎంతమంది, ఎందుకు మానేశారు, వాళ్లలో ఎంతమంది ఇంటికి మనం వెళ్లాం. ఆ మూడు ప్రశ్నలకు జవాబు మీ రిజిస్టర్లోంచే తీసి సభ్యుల ముందు చదవండి. చదవలేకపోతే ఎందుకు చదవలేకపోయారో చెప్పండి. ఈ ఉత్తరానికి బదులు పత్రికలకు పంపనక్కర్లేదు, ఊరూరా మీ పాలకేంద్రం నోటీసు బోర్డు మీద అంటించండి. ధర తగ్గించినప్పుడు అంటిస్తారే, అక్కడే. మేం రోజుకు రెండు పూటలా వస్తాం, చదువుకుంటాం.

ఇట్లు,
పాల పుస్తకం ఉన్న ఇంటి మనిషి